స్టేజీ మీద బియ్యం బస్తా ఇస్తే సాయమవుతుందా?

ప్రశ్న:

అక్కా, వందనాలు. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నేను అంగన్‌వాడీలో ఆయాను, మా ఆయన ఆటో నడుపుతాడు. మా పక్కింటి ఆమె భర్త హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయి, దసరా ముందు సెంట్రింగ్ మీది నుంచి పడి చనిపోయాడు. పోలీసు కేసు అయింది, పోస్ట్‌మార్టం చేసి పంపారు. మేస్త్రీ 50,000 చేతిలో పెట్టి, ఏదో కాగితం మీద సంతకం తీసుకుని పోయాడు. ఆమెకు పదో తరగతి చదివే బిడ్డ, ఆరేళ్ల కొడుకు, ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర పోయిన ముసలి అత్త. ఆయన పేరు మీద ఎకరం చెలక ఉంది.

వాళ్లు విశ్వాసులు కారు. అయినా నా కొడుక్కి డెంగీ వచ్చినప్పుడు రాత్రంతా నాతో కూర్చున్న మనిషి ఆమె. అందుకని మా ఆయనకు తెలియకుండా బియ్యం, పప్పు, అప్పుడప్పుడు రెండు మూడు వందలు ఇస్తున్నాను. ఆమె జొన్న రొట్టెలు చేసి తెస్తే, పిల్లలకే లేవని తిప్పి పంపిస్తున్నాను. మొన్న మా ఆయనకు తెలిసి గొడవైంది. "చిట్టీ కట్టడానికే దిక్కు లేదు, నువ్వు ఊరికి పెడుతున్నవ్" అన్నాడు. దశమ భాగంలోంచి, అంటే సంపాదనలో దేవునికని తీసే పదో వంతులోంచి ఇద్దామంటే, అది మందిరానికే రావాలని పాస్టర్ గారు అన్నారు. మా సంఘ పెద్దలు క్రిస్మస్ రోజు ఆమెను స్టేజీ మీదికి పిలిచి బియ్యం బస్తా, దుప్పటి, కుట్టు మిషను ఇస్తామంటున్నారు. ఆమె నాతో, "వదినా, వస్తే మతం మారిందంటరు, రాకుంటే నీకు మాటొస్తది, ఏం చేయాలె?" అని ఏడ్చింది. ఇప్పుడు బిడ్డ స్కూల్ ఫీజు బాకీకి 15,000 అప్పు అడుగుతోంది. లేదంటే దేవునికి కోపం వస్తుందా? ఇస్తే మా ఇల్లు ఏం కావాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

చెల్లె, వందనాలు. నీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి. కానీ నేను నువ్వు అడగని దానితోనే మొదలుపెడతాను. ఆ జొన్న రొట్టెలు.

ఈసారి ఆమె తెస్తే తీసుకో. తీసుకుని, అక్కడే కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి తినండి. దసరా నుంచి ఆ ఇంటికి వచ్చే వాళ్లంతా ఏదో ఒకటి పట్టుకునే వస్తున్నారు. బియ్యం, పాత బట్టలు, జాలి మాటలు. అన్నీ తీసుకోవడమే ఆమె పని అయిపోయింది. భర్త ఉన్నప్పుడు ఆమె పది మందికి పెట్టిన ఇల్లాలు. నీ కొడుకు మంచాన ఉంటే తెల్లవార్లూ మేలుకున్న మనిషి. ఆ మనిషిని నేనే అని చెప్పుకోవడానికి ఇవాళ ఆమెకు మిగిలింది ఆ రొట్టెలు. నువ్వు దయతోనే తిప్పి పంపావు, నాకు తెలుసు. కానీ ఆమెకు అది ఇంకోలా తగిలి ఉంటుంది.

బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ గుర్తు చేసుకో. కరువులో దేవుడు ఆయనను ఏ ధనవంతుడి ఇంటికీ పంపలేదు. సారెపతులో భర్త పోయిన ఒక ఆమె దగ్గరికి పంపాడు. ఆమె దగ్గర ఉన్నది పిడికెడు పిండి, కొంచెం నూనె. అది వండుకుని తిని, తానూ కొడుకూ చనిపోదామనుకుంటోంది. అలాంటి ఆమెను ఏలీయా ముందు తనకు రొట్టె చేసి పెట్టమని అడిగాడు. చిన్నప్పుడు ఇది వింటే నాకు ఏలీయా మీద కోపం వచ్చేది. ఇప్పుడు అలా అనిపించదు. చావడానికి సిద్ధపడిన ఆమెను ఆయన ఒక అతిథికి అన్నం పెట్టే గృహిణిగా నిలబెట్టాడు. ఆమె ఇశ్రాయేలీయురాలు కూడా కాదు, సీదోను దేశస్థురాలు. యేసు ప్రభువు కూడా సమరయ స్త్రీ దగ్గర మాట మొదలుపెట్టింది ఆమెకు ఏదో ఇచ్చి కాదు, దాహానికి నీళ్లడిగి.

నేను నీకు చెప్పదలచుకున్నది మొత్తం ఈ రొట్టెల దగ్గరే ఉంది. మనం ఎంత ఇచ్చామన్నది రెండో మాట. తీసుకున్నాక ఆమె ఊర్లో తల ఎత్తుకుని నడవగలదా లేదా అన్నది మొదటి మాట.

అందుకే స్టేజీ సంగతి ముందు తేల్చాలి. క్రిస్మస్ దగ్గరికి వచ్చింది.

మీ పెద్దల మనసు మంచిదే. కుట్టు మిషను కొనాలంటే చిన్న సంఘానికి అది తేలిక కాదు, ఎందరో కూలి డబ్బుల్లోంచి వేసి ఉంటారు. కానీ స్టేజీ, మైకు, ఫొటో, ఆ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం, ఇవి ఆమెకు చేసే కీడు ఆ బస్తా బియ్యం తీర్చేది కాదు. కొరింథు సంఘంలో కొందరు కడుపు నిండా తింటుంటే బీదవాళ్లు చూస్తూ కూర్చోవలసి వచ్చినప్పుడు పౌలు చాలా కోపంగా రాశాడు. "దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" అని అడిగాడు. పేదవాడిని సిగ్గుపరచడం, దేవుని సంఘాన్ని తిరస్కరించడం ఆయన ఒకే వాక్యంలో పెట్టాడు. దీన్ని మనం చాలా తేలిగ్గా చదివేస్తుంటాం.

ఇక మతం మాట. ఆమె భయం ఉత్త భయం కాదు. ఊర్లో నిజంగానే అంటారు. రేపు బిడ్డ పెళ్లి దగ్గర కూడా ఆ మాట అడ్డం రావచ్చు. మీ సంఘం ఆమె నుంచి ఏమీ ఆశించకపోవచ్చు, అయినా స్టేజీ ఎక్కించగానే చూసేవాళ్లకు అది ఒక బేరంలా కనిపిస్తుంది. యేసు పదిమంది కుష్ఠరోగులను బాగు చేశాడు. తిరిగి వచ్చి దేవుణ్ణి మహిమపరచినవాడు ఒక్కడే, వాడూ సమరయుడు. మిగతా తొమ్మిదిమంది ఏరని ఆయన అడిగాడు. కానీ వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. నువ్వు ఆమె కోసం ప్రార్థన చెయ్యి, ఆమె అడిగితే నీ విశ్వాసం గురించి చెప్పు, దాచుకోవాల్సిన పని లేదు. అన్నానికి, ఆరాధనకు ముడి మాత్రం వేయొద్దు. ఆమె ఎప్పటికీ మందిరం గడప తొక్కకపోయినా నీ పప్పు డబ్బా ఆ ఇంటికి అలాగే వెళ్లాలి.

పెద్దలతో నేరుగా మాట్లాడటం నీకు కష్టమే. ముందు పాస్టరమ్మ దగ్గరికి వెళ్లు. ఆడవాళ్ల సంగతి ఆడవాళ్లకు తొందరగా తెలుస్తుంది. "అమ్మగారూ, ఆమె రావడానికి ఇబ్బంది పడుతోంది. మన స్త్రీల సమాజం వాళ్లం ఇద్దరు ముగ్గురం ఇంటికే వెళ్లి ఇచ్చి వద్దాం, ఫొటోలు వద్దు" అని ఇంతే చెప్పు. వాదించకు, తప్పు పట్టకు. నూటికి తొంభై చోట్ల ఇది సరిపోతుంది. ఎవరైనా "లెక్క చూపాలి కదా" అంటే, కానుకల పుస్తకంలో పద్దు రాసి పెద్దలు ఇద్దరు సంతకం చేస్తే చాలు, లెక్కకు ఫొటో అక్కర్లేదని చెప్పు.

ఇంకో మాట, కుట్టు మిషను కావాలని ఆమె అడిగిందా? ఆమెకు కుట్టడం వచ్చా? ఊర్లో ఇప్పటికే ఎంతమంది కుడుతున్నారు? భర్త పోయిన ఆడమనిషి అనగానే మనకు కుట్టు మిషనే గుర్తొస్తుంది. చాలా ఇళ్లలో అది మూల పడి, మీద బట్టలు పెట్టుకునే బల్ల అయిపోతుంది. చెలక ఉన్న మనిషికి రెండు మేకలు ఎక్కువ పనికిరావచ్చు, లేదా కాపుకొచ్చిన పత్తి ఏరడానికి ఒక రోజు పదిమంది చేతులు కావాలేమో. అడిగితే ఆమే చెబుతుంది.

మన తెలంగాణ క్రైస్తవులకు ఈ విషయంలో ఒక గొప్ప ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. మెదక్ చర్చి చూసే ఉంటావు. 1914లో ఆ కట్టడం మొదలుపెట్టినప్పటి కాలం కరువు కాలం. దాన్ని కట్టించిన మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆకలితో వచ్చిన వాళ్లకు కట్టడంలో పని ఇచ్చి తిండి పెట్టాడని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. అక్కడ రాళ్లు మోసిన వాళ్ల మనవలు ఇవాళ "మా తాత ఆ చర్చి కట్టాడు" అంటారు. మా తాత అక్కడ గంజి అడుక్కున్నాడని ఎవరూ అనరు.

ఇక మీ ఆయన సంగతి. ఇక్కడ నీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి, ఏమనుకోకు. "నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను" అన్న యేసు ప్రభువు మాట పట్టుకుని నువ్వు దాచి ఉంటావు. ఆ మాట జనం మెప్పు కోసం బూర ఊదించుకునే వాళ్ల గురించి చెప్పింది. ఊరికి తెలియకుండా ఇవ్వమన్నాడు, భర్తకు తెలియకుండా కాదు. అతను ఎండలో ఆటో తిప్పి తెచ్చిన డబ్బు అది. ఇచ్చినందుకు అతనికి కోపం వచ్చిందనుకుంటున్నావు. నాకు మాత్రం, తనను లెక్కలోకి తీసుకోలేదని కోపం వచ్చిందనిపిస్తోంది. పౌలు మాట చూడు. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను." ఇంట్లో ఒకరు దాస్తూ ఒకరు సణుగుతూ ఇచ్చేది ఈ మాటకు దూరం.

ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక లెక్క ముందర పెట్టుకుని కూర్చోండి. చిట్టీ ఎంత, ఆటో కిస్తు ఎంత, మీ పిల్లల ఖర్చు ఎంత. అవి పోను నెలకు ఏం ఇవ్వగలరో ఇద్దరూ కలిసి ఒక మాట అనుకోండి. అది 200 అయినా సరే. ఇదే పౌలు, అదే ఉత్తరంలో, ఇతరులకు తేలికగానూ మీకు భారంగానూ ఉండాలని చెప్పడం లేదని స్పష్టంగా రాశాడు. ఉన్నదాని కొద్దీ ఇస్తే చాలు, లేనిదాని కొద్దీ అక్కర్లేదని కూడా రాశాడు. మీ పిల్లల నోటి ముద్ద తీసి ఇవ్వమని ప్రభువు అడగడం లేదు.

మంచి సమరయుడి కథలో మనం ఎప్పుడూ వదిలేసే ఒక సంగతి ఉంది. అతను గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంట్లో ఒక రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మరునాడు రెండు దేనారాలు ఆ ఇంటివాడి చేతిలో పెట్టి, ఎక్కువైతే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని చెప్పి, తన పని మీద తాను వెళ్లాడు. అన్నీ ఒక్కడే మోయలేదు. ఇంకొకరికి అప్పగించాడు, మళ్లీ వస్తానన్నాడు. నువ్వూ అలాగే చేయొచ్చు. అందులో అవిశ్వాసం ఏమీ లేదు.

మీ ఆయన చేతిలో ఆటో ఉంది. వారంలో ఒక రోజు ఆమెను మండల ఆఫీసుకో, దేవరకొండకో తీసుకెళ్లి తీసుకురమ్మని అడుగు. 300 రూపాయలు ఇవ్వడానికి మనసొప్పని మగవాళ్లు కూడా ఇలాంటి పనికి ముందుంటారు. తనకూ ఇందులో చెయ్యి ఉందనుకుంటే మీ ఇంట్లో ఈ గొడవ సగం తగ్గుతుంది.

దశమ భాగం గురించి పాస్టర్ గారితో తగువు వద్దు. పదో భాగమంతా మందిరానికే తెమ్మనే మలాకీ మూడో అధ్యాయం మనసులో పెట్టుకుని ఆయన చెప్పి ఉంటారు. ఆయన కుటుంబం బతకాలి, మందిరం కరెంటు బిల్లు కట్టాలి, అదీ నిజమే. కానీ ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు ఆయనతో కలిసి చదవండి. మూడేళ్లకోసారి పదో భాగం ఊర్లోనే ఉంచాలి. లేవీయులతో పాటు పరదేశులు, తండ్రి లేని పిల్లలు, భర్త పోయిన స్త్రీలు తిని తృప్తి పొందాలి. ఆ భాగంలో ఆ తల్లీపిల్లల వాటా మోషే కాలం నుంచే ఉంది. ఆయన ఒప్పుకోకపోతే మందిరానికి ఇచ్చేది ఇస్తూ, మీరిద్దరూ అనుకున్న చిన్న మొత్తం విడిగా తీయండి.

డబ్బు తీయలేకపోతే పిడికెడు బియ్యం ఉంది కదా. మన సంఘాల్లో అమ్మమ్మల కాలం నుంచి ఉన్న పద్ధతి. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం, ఆదివారం మందిరానికి తేవడం. చాలా చోట్ల ఇప్పుడది ఆగిపోయింది. మీ స్త్రీల సమాజంలో ఇరవై ఇళ్లు ఉన్నా, రోజూ పూటకు పిడికెడు చొప్పున తీస్తే నెల తిరిగేసరికి ఆ ఇంటికే కాదు, ఇంకో ఇంటికీ సరిపోతాయి. ఎవరికీ బరువుండదు. ఎవరు ఎంత వేశారో కూడా తెలియదు.

ఇప్పుడు అసలు పెద్ద పని. నా లెక్కలో ఇదే నువ్వు ఆమెకు చేయగల అన్నిటికంటే గొప్ప సాయం, దీనికి నీ చిట్టీ డబ్బు అక్కర్లేదు. ఆమెకు రావలసినవి చాలా ఉన్నాయి. ఎవరూ చెప్పలేదు, అంతే. హక్కుగా రావలసింది రాకుండా ఉన్నప్పుడు మనం బియ్యం ఇచ్చి ఊరుకుంటే సగం పనే చేసినట్టు. కూలివాడి కూలి పొద్దు గూకక ముందే ఇచ్చేయాలని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు రాశాడు. కనికరానికి ఇదీ ఒక భాగమే.

ముందు ఆ మేస్త్రీ తీసుకున్న సంతకం. దానికి భయపడొద్దని చెప్పు. పనిలో చనిపోయిన కూలీ కుటుంబానికి పరిహారం ఇవ్వాలన్న చట్టం మన దేశంలో 1923 నుంచే ఉంది. మరణం విషయంలో ఆ డబ్బు కార్మిక శాఖలో ఈ పని చూసే అధికారి దగ్గర జమ కావాలి. ఇంటికొచ్చి చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే బాధ్యత తీరిపోదు. మేస్త్రీ ఒక్కడే కాదు, పై కాంట్రాక్టరు, బిల్డింగ్ కట్టించేవాళ్లు కూడా జవాబు చెప్పాలి. లాయరుకు డబ్బెక్కడిది అంటావేమో. నల్గొండ జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయం ఎంతన్నది చూడకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు, డెత్ సర్టిఫికెట్, తహశీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకుని వెళ్లాలి. హైదరాబాద్‌లో కేసైన స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్ తెచ్చుకోవడం కొంచెం తిరుగుడు పని, మీ ఆయనో, సంఘంలో చదువుకున్న కుర్రవాడో తోడు వెళ్తే మంచిది. చనిపోయినాయనకు భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉందేమో ఇంట్లో వెతకమను. ఉంటే సంక్షేమ బోర్డు నుంచి వేరే సాయం వస్తుంది.

రెండోది ఆ ఎకరం చెలక. పట్టాదారు పాసు పుస్తకం ఆయన పేరు మీద ఉండి, వయసు 18 నుంచి 59 లోపు ఉండి, రైతు బీమాలో పేరు నమోదై ఉంటే, నామినీకి 5 లక్షలు వస్తాయి. ఈ పథకం 2018 ఆగస్టులో మొదలైంది. చాలామంది ఇది ఇంటి దగ్గర చనిపోయిన రైతులకే అనుకుంటారు. కాదు. హైదరాబాద్‌లో కూలి పని చేస్తూ చనిపోయినా పట్టాదారు పట్టాదారే. మన పాలమూరు, దేవరకొండ వైపు ఎకరం అరెకరం ఉండి కూడా వలస పోయే వాళ్లే ఎక్కువ, అందుకే వాళ్ల కుటుంబాలకు ఇది తెలియకుండా పోతుంది. రేపే మీ ఏఈఓను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని కలవండి, ఇందులో ఆలస్యం చేయొద్దు. ఆ వెంటనే భూమిని ఆమె పేరు మీదికి విరాసత్ (వారసత్వ మార్పిడి) చేయించుకోవాలి. లేకపోతే పాలివాళ్లతో తగువులొస్తాయి.

ఇంటి పెద్ద 60 ఏళ్లలోపు చనిపోతే పేద కుటుంబానికి ఒకేసారి 20,000 ఇచ్చే జాతీయ కుటుంబ లబ్ధి పథకం ఉంది, తహశీల్దార్ ఆఫీసులో అడగండి. ఆమెకు వితంతు పింఛను నెలకు 2,016. ముసలావిడకు వృద్ధాప్య పింఛను వస్తోందేమో చూడు. ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకర పోయిన మనిషికి వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి తేల్చే సదరం క్యాంపులో 40 శాతం పైన సర్టిఫికెట్ వస్తే దివ్యాంగుల పింఛను వర్తిస్తుంది, అది 4,016. మీ జిల్లాలోనే మర్రిగూడ, నాంపల్లి వైపు ఎందరో ముసలివాళ్లు క్యాంపుకు తీసుకెళ్లే దిక్కు లేక ఆ తేడా పోగొట్టుకుంటున్నారు. నడవలేని ఆమెకు మీ ఆటో ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

పిల్లల సంగతి నీకే బాగా దారి తెలియాలి, నువ్వు ఉన్న శాఖే కదా. మిషన్ వాత్సల్య కింద తండ్రి లేని పేద పిల్లలకు నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు చూస్తారు. అందరికీ మంజూరు కాదు, కానీ దరఖాస్తు లేనిదే అసలు రాదు. మీ సూపర్‌వైజర్ మేడమ్‌ను అడుగు.

ఇదంతా ఒక్కసారే చేయలేవు, చేయొద్దు కూడా. రైతు బీమా, ఆ తర్వాత లాయరు, ఆ తర్వాత పింఛన్లు. ఎక్కడైనా కాగితం కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. ఒక్క సంగతి గుర్తుంచుకో. ఆమె తరఫున నువ్వు మాట్లాడొద్దు, ఆమె పక్కన నిలబడు. కౌంటర్ దగ్గర ఆమెనే చెప్పనివ్వు. మొదటిసారి గొంతు వణుకుతుంది, మూడోసారికి వణకదు. రేపు నువ్వు లేని రోజు కూడా ఆమె ఆ ఆఫీసు మెట్లు ఎక్కగలగాలి.

ఇక 15,000 అప్పు. లేదని చెప్పు. నెమ్మదిగా, కారణంతో సహా చెప్పు. "వదినా, చిట్టీ ఎత్తితే మా ఇల్లు నడవదు, అంత నేను ఇవ్వలేను. కానీ నిన్ను వదిలిపెట్టను, స్కూల్‌కు ఇద్దరం పోదాం." ఇలా చెబితే ఆమె అర్థం చేసుకుంటుంది. ఆమె కూడా ఇల్లు నడిపిన మనిషే. నూటికి మూడు రూపాయల మిత్తికి బయట తెచ్చి ఆమెకు ఇవ్వాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. ఒక ఇంటి అప్పు రెండిళ్ల అప్పవుతుంది. తిరిగి రాదేమోనన్న లెక్కతో ఇచ్చిన అప్పు మీ ఇద్దరి స్నేహాన్నీ తినేస్తుంది. ఎదురుపడ్డప్పుడల్లా ఆమె తప్పుకుని పోతుంది, నువ్వు మనసులో లెక్క పెడతావు. తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోకుండా ఇమ్మని ప్రభువు లూకా ఆరో అధ్యాయంలో చెప్పాడు. పోయినా బాధపడని మొత్తం ఎంతో, 500 అయినా 1,000 అయినా, అంతే ఇవ్వు, అప్పు అనకుండా ఇవ్వు.

స్కూల్ వాళ్లతో మాట్లాడేటప్పుడు డెత్ సర్టిఫికెట్ చూపించి తగ్గించమని, మిగిలింది కొంచెం కొంచెంగా కడతామని అడగండి. చాలామంది యజమానులు ఒప్పుకుంటారు. బాకీ ఉందని హాల్ టికెట్ ఆపుతామంటే బిడ్డను భయపడొద్దని చెప్పండి. పదో తరగతి హాల్ టికెట్ బోర్డు వెబ్‌సైట్‌లో పిల్లలే తీసుకోవచ్చు, అడ్డుపడితే మండల విద్యాధికారి (ఎంఈఓ)కి రాసివ్వండి. పది అయ్యాక ఇంటర్‌కు మళ్లీ ప్రైవేటుకు పోవాల్సిన పని లేదు. కస్తూర్బా విద్యాలయాల్లో తల్లిదండ్రుల్లో ఒకరు లేని ఆడపిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది, గురుకులాలూ ఉన్నాయి. ఇప్పటి నుంచే ఆ బిడ్డ చెవిన వేయి. తండ్రి పోయిన ఇంట్లో పెద్దపిల్ల చదువే ముందు ఆగిపోతుంది, అంతకంటే ముందు పెళ్లి మాటలు మొదలవుతాయి. ఎవరైనా సంబంధం తెస్తే ఆ తల్లికి ధైర్యం చెప్పాల్సిన మనిషివి నువ్వే.

"లేదంటే దేవునికి కోపం వస్తుందా" అని అడిగావు. రాదు చెల్లె. ఆమెను తప్పించుకుని తిరగడానికి లేదనడం వేరు, ఆమె చెయ్యి పట్టుకుని లేదనడం వేరు. నువ్వు రెండోది చేస్తున్నావు. నువ్వు భయం భయంగా, దాచి ఇచ్చిన ఆ పప్పు కూడా ఆయన లెక్కలో ఉంది. "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టితిరి" అని ఆయన అన్నప్పుడు, ఆ నీతిమంతులకు తాము ఎప్పుడు పెట్టామో కూడా గుర్తు లేదు. అంతగా లెక్కలు పెట్టుకోకు, నిద్రపో.

ఈ వారం రెండు పనులు చాలు. పాస్టరమ్మను కలువు, ఏఈఓ దగ్గరికి ఆమెతో వెళ్లు. రైతు బీమాలో ఆయన పేరు ఉందో లేదో, నామినీగా ఎవరి పేరు రాయించాడో తెలుసుకుని నాకు మళ్లీ రాయి. నామినీ దగ్గర ఏదైనా చిక్కు ఉంటే దాని గురించి విడిగా చెబుతాను.